అరువుకెళ్ళిన అరుపు

పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే కాలనీ ఖాళీ అయిపోయేది. ఆఫీసుల కార్లు, స్కూలు బస్సులు, గొడుగు మర్చిపోయి మళ్ళీ వెనక్కొచ్చిన స్కూటరు, అన్నీ వెళ్ళిపోయాక ఆరు వీధులకీ కలిపి ఒక్క చప్పుడు మిగిలేది. అది మూడో వీధిలో అయిదో ఇంటి కుట్టుమిషనుది. ఆ మిషను తొక్కే ఆవిడని అందరూ జిప్పులక్క అనేవాళ్ళు. అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

జిప్పులక్క కొత్త బట్టలు కుట్టదు. పాడైన జిప్పులు మారుస్తుంది, పొడుగువి పొట్టి చేస్తుంది, బిగుతువి వదులు చేస్తుంది. "మనుషులు లావెక్కుతున్నంతకాలం నాకు పనికి లోటు లేదు" అనేది, నవ్వుతూ తుళ్ళుతూ ఉన్న రోజుల్లో.

ఆవిడ భర్త నీళ్ళ పంపుహౌసులో పనిచేసేవాడు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. భోజనానికి రమ్మంటే "ఊ". ఉప్పు సరిపోయిందా అంటే "ఊఁ". ఆ రెండు ఊలకీ తేడా ఆవిడ ఒక్కదానికే తెలుసు. సాయంత్రం అయిదున్నరకి కుక్కని తీసుకుని బయటికి వెళ్ళేవాడు, ఏడింటికి తిరిగొచ్చేవాడు. "ఎక్కడిదాకా వెళ్ళారు?" అంటే, "అలా." అంతే. ఆ కుక్క పేరు బొగ్గు. కారునలుపు. ఆయన గేటు తీసే చప్పుడు వినగానే గొంతులో ఒక సన్నటి మూలుగు మొదలుపెట్టేది. పసిపిల్లలు నిద్రలో తీసే రాగంలా ఉండేది అది. ఆవిడ కోసం ఎప్పుడూ అలా మూలగలేదు. ఆవిడ అంటే బొగ్గుకి గౌరవం, ఆయనంటే ప్రాణం.

పధ్నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆయన పంపు పక్కనే కూర్చుని లేవలేదు. అయిదు నెలలు గడిచాక బొగ్గు కూడా పోయింది. వెనక గోడ దగ్గర గొయ్యి తవ్వి, తనే పూడ్చుకుంది జిప్పులక్క. మూడో రోజు పోస్టుమాన్ గేటు మీద చెయ్యి వేశాడో లేదో, లోపల్నుంచి భౌ భౌ మని ఎప్పటి అరుపే వినిపించింది.

"ఊరుకో బొగ్గూ, ఉత్తరాలాయన" అంది ఆవిడ అలవాటు కొద్దీ. అరుపు ఊరుకుంది.

పోస్టుమాన్ అటూ ఇటూ చూశాడు. "కుక్క కనబడదేం?"

"పోయిందండీ. అరుపుంది."

"పోనీలెండి. ఒంటరి ఇంటికి అదో అండ" అని ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ సంగతి అంతటితో అయిపోయింది. పాలవాడు వస్తే ఒకసారి, కరెంటు మీటరు చూసేవాడు వస్తే రెండుసార్లు అరుస్తూ, మిగతా వేళల్లో మిషను కింద ఎక్కడో ముడుచుకుని ఉండేది అరుపు. ఆవిడ పెడలు తొక్కుతుంటే మడమకి వెచ్చగా తగిలేది.

ఇలా ఉండగా పేపర్లో ఒక వార్త పడింది. శివారు కాలనీల్లో నేరాలు ముప్పై మూడు శాతం పెరిగాయని. సెక్రటరీగారు దాన్ని కత్తిరించి నోటీసుబోర్డుకి గుచ్చాడు. ఆయన కాలనీ సంఘానికి సెక్రటరీ. రిటైరయ్యాక ఆయనకి దొరికిన ఉద్యోగం అదొక్కటే, అందుకని రెండు ఉద్యోగాలంత శ్రద్ధగా చేసేవాడు. మీటింగు పెట్టించి ఇన్‌స్పెక్టర్ని పిలిపించాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం చూసి నవ్వాడు. "కిందటేడు మీ దగ్గర మూడు దొంగతనాలు. ఈ ఏడు నాలుగు. ఆ నాలుగోది సైకిలు. మూడు నాలుగైతే ముప్పై మూడు శాతమే అవుతుందండీ. ఒకటి రెండైతే నూరు శాతం అవుతుంది. నా సర్వీసులో ఇంత ప్రశాంతమైన కాలనీ నేను చూళ్ళేదు."

"అంటే, నూరు శాతం అయ్యేదాకా చేతులు ముడుచుకుని కూర్చోమంటారా?" అన్నాడు సెక్రటరీ.

చప్పట్లు మారుమోగాయి. వెనక కుర్చీలో కూర్చున్న జిప్పులక్క కూడా కొట్టింది.

ఆ నెలలో గోడలు రెండు వరసలు లేచాయి. పైన గాజుపెంకులు మెరిశాయి. ప్రతి గుమ్మం మీదా ఒక కెమెరా కన్ను తెరిచింది. ఫోన్లలో ఒక గ్రూపు పుట్టింది, అందులో పొద్దస్తమానూ "జాగ్రత్త", "జాగ్రత్త" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. పక్కింటివాళ్ళని పలకరించడానికి మాత్రం ఎవరికీ తీరికలేదు. జిప్పులక్క దగ్గరికొచ్చే ఆడవాళ్ళు ఇదివరకు కుర్చీలో కూలబడి, కొలతలిస్తూ, అత్తగారి మీద నాలుగు చాడీలు చెప్పి పోయేవాళ్ళు. ఇప్పుడు గేటుకి సంచీ తగిలించి, చీటీ పెట్టి పోతున్నారు. "నడుము రెండంగుళాలు వదులు." "జిప్పు, నల్లది." వారం మొత్తం మీద ఆవిడతో ఎవరైనా అన్నవి ఆ చీటీల మాటలే. ఒకరోజు చేతిలో ఉన్న ప్యాంటునే అడిగింది: "ఏమయ్యా, బానేవున్నావా? ఇంత లావయ్యావేం?"

మొదట వచ్చింది పళ్ళ డాక్టరుగారి భార్య. గేటవతలే నిలబడింది.

"అక్కా, నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. మీ కుక్క అరుపుని మా ఇంట్లో కాస్త ఉంచుతారా? మీ ఇంటి మీద ఇంతవరకూ ఎవరి కన్నూ పడలేదంటే దాని చలవేగా."

"దానిదేముందమ్మా, ఉంచుతాను. కొత్తచోటు కదా, మొదటిరోజు కాస్త ముభావంగా ఉంటుంది."

"తిండీ తిప్పలూ ఏమైనా చూడాలా?"

"అరుపుకి తిండేమిటి! రోజుకోసారి పేరు పెట్టి పలకరిస్తే చాలు. మీరుండరుగా, నేనే వచ్చి పలకరించి పోతాలే."

ఆ సాయంత్రం ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, తొడ మీద తట్టి "పద బొగ్గూ" అంది. అరుపు వెనకాలే నడిచింది. డాక్టరుగారి గేటు దగ్గర దాన్ని దిగబెట్టి, ఒక్క నిమిషం నిలబడింది. లోపలికి రమ్మంటారేమో, కాసిని టీనీళ్ళు పోస్తారేమో అని. "చాలా థాంక్సక్కా" అన్నారు. గేటు గడియ పడింది.

తర్వాత రెండో వీధివాళ్ళు అడిగారు. ఆ తర్వాత అయిదో వీధివాళ్ళు. అరువు ఇచ్చిన అరుపు ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంటికి తాళం పడితే ఆ ఇంటి గేటు దగ్గర అది కాపలా. మధ్యాహ్నం పూట ఆవిడ ఆ ఖాళీ ఇంటిదాకా నడిచి, ఊచల్లోంచి "బొగ్గూ, ఉన్నావా?" అనేది. భౌ అనేది అది. మళ్ళీ నడిచి ఇంటికొచ్చేది. తన ఇంట్లో ఇప్పుడు పెడలు కింద ఏ వెచ్చదనమూ లేదు. కాదనలేక ఇచ్చింది, ఇచ్చాక అడగలేక ఊరుకుంది. అరుపు కోసమైనా నలుగురు తన గేటు దగ్గరికొస్తున్నారు కదా అని సరిపెట్టుకుంది.

రెండు నెలలయ్యాక గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ముసలివాడూ కాదు, పడుచువాడూ కాదు. పొడుగు మనిషి, తలమీద టోపీ, భుజానికి గుడ్డసంచీ, కుడికాలు ఈడుస్తున్నాడు. అయిదో వీధిలో తాళం వేసిన ఇంటి గోడ మీదుగా లోపలికి తొంగిచూస్తున్నాడు. నాలుగురోజులకి ఇంకో ఫోటో. ఇంకో వీధి, ఇంకో తాళం. మూడు వారాల్లో నాలుగు ఫోటోలు.

"చూశారా?" అని రాశాడు సెక్రటరీ. "ఎవరు ఊళ్ళో లేకపోతే సరిగ్గా వాళ్ళింటి ముందే! మన రాకపోకలన్నీ వీడి గుప్పిట్లో ఉన్నాయి."

జిప్పులక్క నాలుగు ఫోటోలూ ఒకటికి రెండుసార్లు చూసింది. నాలుగిళ్ళలోనూ ఆ రోజుల్లో తన అరుపే ఉంది. అరుపుని ఎలాగో మాయం చేసి, తర్వాత ఇల్లు దోచుకుందామని చూస్తున్నాడు కాబోలు అనుకుంది. ఆ మాటే సెక్రటరీకి ఫోన్ చేసి చెప్పింది కూడా. "ఈ వారం అరుపు మళ్ళీ డాక్టరుగారింట్లో ఉంటుందండీ. ఆ వంక ఒక కన్నేసి ఉంచండి."

గురువారం సాయంత్రం అయిదు దాటాక ఫోన్ మోగింది.

"దొరికాడు!" సెక్రటరీ ఆయాసపడుతున్నాడు. "డాక్టరుగారి గేటు దగ్గర. తొందరగా రండి, మీ అరుపు చెవులు చిల్లులు పొడుస్తోంది, ఎవరి మాటా వినబడటం లేదు."

మెడలో కొలత టేపు తియ్యకుండానే పరిగెత్తింది. వీధి మొగలోనే వినబడింది బొగ్గు గొంతు. అంత కోపంగా అరవడం ఆవిడ ఎన్నడూ వినలేదు. గేటు ముందు పదిమంది మగవాళ్ళు. గోడకి ఆనించి అతన్ని నిలబెట్టారు. టోపీ కింద పడి ఉంది. ఒక చెంప కందిపోయింది. బట్టలారేసే నైలాను తాడుతో ఎవరో అతని చేతులు కడుతున్నారు. సంచీ తిరగేస్తే బిస్కెట్ల పొట్లం ఒకటి, మంచినీళ్ళ సీసా ఒకటి పడ్డాయి.

"కుక్కబిస్కెట్లు!" సెక్రటరీ పొట్లం పైకెత్తి చూపించాడు. "మత్తుమందు కలిపి ఉంటాడు. ఇంకా ఏం సాక్ష్యం కావాలి?"

"మందేం లేదు బాబూ, కావాలంటే నేనొకటి తింటాను" అన్నాడు అతను. "ఈ కుక్క గొంతు విని వచ్చాను. అంతే. నాలుగు రోజులకో ఇంట్లోంచి వినపడుతోంది. ఏ ఇల్లో తెలియక తిరుగుతున్నాను."

"కథలు స్టేషన్లో చెబుదువుగాని!" అని వెనకనుంచి ఒకడు మెడ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు గేటు లోపల అరుపు గొంతు చిరిగేలా లేచింది. అతను ఆ వైపు తల తిప్పాడు. కట్టిన చేతులు గుండెల మీదికి తెచ్చుకుని, పిల్లవాణ్ణి మందలించినట్టు మెల్లగా అన్నాడు.

"చాల్లే బొగ్గూ. గొంతు పోతుంది. నేనే."

అరుపు టక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలోంచి సన్నగా, గొంతు లోపలినుంచి, ఒక మూలుగు మొదలైంది. గేటు ఊచల్లోంచి బయటికొచ్చింది, తిట్టుకుంటూ నిలబడ్డ మగవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి దూరింది, అతని కాళ్ళ దగ్గరికి చేరి గిరగిరా తిరిగింది. గాలి లేకపోయినా అతని ప్యాంటు అంచులు రెపరెపలాడాయి. అందరూ విన్నారు. తాడు పట్టుకున్నవాడి చేతులు వదులయ్యాయి.

జిప్పులక్క అలాగే నిలబడిపోయింది. పధ్నాలుగు నెలలయింది ఆ రాగం విని. ఇంక ఈ జన్మలో వినననే అనుకుంది.

"ఆయన్ని వదలండి" అంది.

"మీకు తెలుసా ఇతను?" అన్నాడు సెక్రటరీ.

"తెలుసు."

"ఏమవుతాడు?"

ఏమవుతాడో ఆవిడకే తెలియదు. అతని మొహం చూడటం కూడా అదే మొదలు. అయినా బొగ్గు అంత ప్రాణం పెట్టినవాడు ఈ లోకంలో ఇంకొకడున్నాడంటే, వాడు పరాయివాడు కాడు.

"అన్నయ్యవుతాడు" అంది. తాడు ముడి పళ్ళతో పట్టి లాగింది. నైలాను ముడి, అంత త్వరగా రాదు. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ అడ్డమూ రాలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి వీధిలో బొగ్గుతో కలిపి ముగ్గురే మిగిలారు. సంగతంతా విని అతని చెంప వంక చూశాడు. "కంప్లయింటు ఇస్తారా?"

అతను టోపీకి దుమ్ము దులుపుకున్నాడు. "ఎవరి మీద ఇవ్వమంటారు? అందరూ భయపడినవాళ్ళే."

ఆ దెబ్బ ఏ కాగితంలోకీ ఎక్కలేదు. సంవత్సరం ఆఖరికి కాలనీ లెక్క నాలుగు దగ్గరే ఆగింది. సెక్రటరీ ఆ ఘనతంతా కెమెరాలకి ఇచ్చాడు.

జిప్పులక్క అతన్ని ఇంటికి తీసుకొస్తోంది. కాలీడుస్తూ పక్కన నడుస్తున్నాడు. బొగ్గు ముందు పరిగెత్తి, వెనక్కొచ్చి, మళ్ళీ పరిగెడుతోంది.

"పంపాయన ఇంట్లోనే ఉన్నారామ్మా? డ్యూటీకి వెళ్ళారా?" అని అడిగాడు.

ఆవిడ జవాబు చెప్పలేదు. పధ్నాలుగు నెలల్లో ఆయన గురించి ఎవరు మాట్లాడినా "పాపం" అనే మొదలుపెట్టారు. ఈ మనిషి ప్రశ్నలో ఆయన ఇంకా డ్యూటీకి వెళ్తున్నాడు, ఇంటికొస్తున్నాడు. గేటు వచ్చేదాకా ఆయన్ని అలా బతికి ఉండనిద్దామనిపించింది. వీధి చిన్నదే. వీలైనంత మెల్లగా నడిచింది.

గుమ్మంలో కూర్చోబెట్టి, కాసిని మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పింది.

అతను గ్లాసు కింద పెట్టాడు. "నేను చెప్పకుండా మానేశానని కోపమొచ్చి రావడంలేదనుకున్నాను" అన్నాడు.

అతను బస్సు డ్రైవరు. కాలనీ మొగలో బస్సు ఆఖరి స్టాపు. సాయంత్రం ట్రిప్పు తర్వాత గంటసేపు ఖాళీ. ఆ గంటా స్టాపు వెనక బెంచీ మీద అతనూ పంపాయనా కూర్చునేవాళ్ళు, కాళ్ళ దగ్గర బొగ్గు. పదిహేను నెలల కిందట బస్సు మెట్టు మీంచి జారి తొడ ఎముక విరిగింది. ఏడాదిపాటు వేరే ఊళ్ళో చెల్లెలింట్లో మంచం మీద ఉన్నాడు. ఈలోగా రిటైరయ్యాడు. తిరిగొచ్చి, డిపో వెనక గదిలో ఒక్కడే ఉంటూ, రోజూ టిక్కెట్టు కొనుక్కుని ఆఖరి స్టాపుకి రావడం మొదలుపెట్టాడు. బెంచీ మీద ఎవరూ లేరు.

"ఇల్లెక్కడో అడగలేదా ఎప్పుడూ?"

"అడగాలని తోచలేదమ్మా. రోజూ వస్తారుగా. పేరు కూడా అడగలేదు. పంపాయన అనేవాణ్ణి. నన్ను స్టీరింగు అనేవారు. ఒకరోజు బొగ్గు గొంతు వినబడింది లోపలి వీధుల్లోంచి. వెతుక్కుంటూ వస్తే ఒక ఇల్లు. నాలుగు రోజులకి ఇంకో ఇల్లు. నాకే మతిపోయిందనుకున్నాను."

"అరువిచ్చానన్నయ్యా" అంది ఆవిడ. "అందరికీ అరువిచ్చాను. మీమీద కన్నేసి ఉంచమని వాళ్ళకి చెప్పింది కూడా నేనే."

అతను తల ఊపాడు. బొగ్గు అతని పాదాల దగ్గర సర్దుకుంది.

"గంటసేపు ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది.

"ఆయన మాట్లాడేవారు, నేను వినేవాణ్ణి."

"ఎవరు? మా ఆయనా?"

"గుక్క తిప్పుకోనిచ్చేవారు కాదమ్మా."

ఆవిడకి ముందు నవ్వొచ్చింది, వెనువెంటనే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో తనకి ఊలు, బెంచీకి మాటలూనా! "నాతో మాట్లాడటానికేమయింది? నేనేమన్నా కొరుక్కుతింటానా?"

"మీ గురించే చెప్పేవారు ఎక్కువ. మీ ఎదురుగా నోరు పెగలదట. 'మా ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని తిడుతుందోయ్. తిట్లు సగమే బయటికొస్తాయి. మిగతా సగం ఎప్పుడొస్తుందా అని పక్కనే కూర్చుంటాను' అనేవారు."

జిప్పులక్క మొహం తిప్పుకుంది. మెడలోని టేపు తీసి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. మిషను పక్క మోడా మీద పనీపాటా లేకుండా కూర్చున్నాడని ఆయన్ని ఎన్నిసార్లు విసుక్కుందో గుర్తొచ్చింది.

ఏడింటి బస్సుకి అతను లేచాడు. బొగ్గు కూడా లేచింది. అతనితోపాటు గేటుదాకా వెళ్ళింది, ఆవిడ దగ్గరికొచ్చింది, మళ్ళీ గేటు దగ్గరికెళ్ళింది.

"వెళ్ళు" అంది ఆవిడ. "ఆయనకెవరూ లేరు."

నీకు మాత్రం ఎవరున్నారని బొగ్గు అడగలేదు. అరుపుకి అరవడమే వచ్చు. అతని వెనకాల కుంటినడక వేగంతోనే వెళ్ళింది. బస్సు తలుపు మూసుకోవడం, లోపల్నుంచి ఒక్క భౌ, కండక్టరు "ఎవరిదండీ ఇది, కాళ్ళకడ్డం లేకుండా చూసుకోండి" అనడం, అన్నీ గుమ్మంలోకి వినబడ్డాయి. తర్వాత ఏమీ వినబడలేదు. ఆ వారమంతా ఇల్లు ఎంత ఖాళీగా ఉందంటే, సూది కింద పడితే ఏ మూలకి దొర్లిందో కూడా తెలిసిపోయేది.

వారం తిరిగాక, శనివారం సెక్రటరీ గేటు దగ్గరికొచ్చాడు. మొహం చూపించడానికి కొంచెం ఇబ్బంది పడ్డాడు. "మేం ఊరెళ్తున్నాం. అరుపు..."

"లేదండీ. మా అన్నయ్యగారింట్లో ఉంది."

"ఎప్పుడొస్తుంది?"

"రేపు భోజనానికి వస్తారు. కానీ సాయంత్రం మళ్ళీ ఆయనతో వెళ్ళిపోతుంది. దాన్నింక ఎవరికీ ఇవ్వను." కాస్త ఆగి, "ఆ దెబ్బ కొట్టిందెవరో వాళ్ళు రేపొచ్చి ఒక్కమాట చెప్పి పోతే బావుంటుంది" అంది. సెక్రటరీ వెళ్ళిపోయాడు. ఆదివారం ఎవరూ రాలేదు.

అతను వచ్చాడు, బొగ్గు ముందు, తను వెనక. భోంచేశారు. అతను చెయ్యి కడుక్కుని కుర్చీ లాక్కున్నాడు. "ఆ జిప్పు తలకిందులుగా కుట్టిన సంగతి చెప్పారమ్మా ఒకసారి. ఇంకా మీ పెళ్ళిలో వాన..."

"అన్నయ్యా, ఆగండి" అంది జిప్పులక్క. "ఆ బెంచీ మీద ఎన్నేళ్ళు కూర్చున్నారు మీరిద్దరూ?"

"ఆరేళ్ళు."

"రోజూనా?"

"నాకు సెలవైన రోజు తప్ప."

ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే అన్నీ ఇవాళే చెప్పెయ్యకండి" అంది. "వారానికొక్కటి చెప్పండి, చాలు."